రాళ్ళమెట్ట మీద ప్రమాదరహిత దినాలు

గేదెకు ఏమీ కాలేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆ తరవాత జరిగిన పదకొండు మీటింగుల్లో ఈ ముక్క ఎవరూ చెవిన పెట్టలేదు. మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం, రాజమండ్రికి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న రాళ్ళమెట్ట మీద, చేతిలోని రేడియో మీటలతో నడిపే, ఇంజను లేని ఓ బొమ్మ గ్లైడరు నెమ్మదిగా దిగుతూ దిగుతూ సూరమ్మ అక్కడ మేపుకుంటున్న గేదె వీపు మీద వాలింది. థర్మాకోలుతో చేసిన గ్లైడరు, పావుకిలో కూడా తూగదు. గేదె దాన్ని తోకతో ఒకసారి తోసేసి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. అంతే జరిగింది.

అయితే అది గ్లైడర్ల క్లబ్బు ప్రెసిడెంటు చిర్రావూరి కోదండపాణిగారి కళ్ళెదుట జరిగింది. ఆయన ఒక పేపరు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో గ్యాసు పొయ్యి తప్ప ఆయన కాపు కాయడానికి ఏదీ మిగల్లేదు. అటువంటి మనిషి ముందు ఓ ఎగిరే వస్తువూ, ఓ ప్రాణీ ఢీకొన్నాయి. ఇంకేముంది!

"ఇవాళ గేదె," అన్నారాయన, చూపుడువేలు పైకెత్తి. "రేపు మనిషి."

"ఆయ్, దానికేవైందండీ బాబూ? ఈగ వాలిందనుకుందది," అంది సూరమ్మ.

క్లబ్బు సెక్రటరీ గంటి లక్ష్మీపతి వెంటనే నోటుబుక్కు తీసి, బాధిత పశువు యజమానురాలు షాకులో ఉండి సంబంధం లేకుండా మాట్లాడుతున్నారని రాసుకున్నాడు. రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు. కాగితం మీద పడని సంగతి జరిగినట్టే కాదని అతని నమ్మకం.

ఇదంతా చూస్తూ నిలబడ్డవాళ్ళలో కందాళ హైమవతి ఒకతె. ఇరవై మూడు మంది సభ్యుల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుని, రిటైరైన రోజున ఇక జన్మలో కూర్చుని చేసే పని ముట్టుకోనని చెప్పి బయటికొచ్చింది. అప్పటినుంచీ ఒక గ్లైడరు చేస్తోంది. బాల్సా అనే తేలిక చెక్కను బ్లేడుతో ముక్కలు కోసి, అతికించి, పైన పల్చటి కాగితం కప్పి, ఎనిమిది అడుగుల రెక్కలు కట్టింది. పద్నాలుగు నెలలు డైనింగు టేబులు మీద ఆ రెక్కలే ఉండడంతో అన్నం కూడా నిలబడే తినేది. దానికి 'ట్రంక్ కాల్' అని పేరు పెట్టుకుంది. దూరపు ఊరికి ఫోను బుక్ చేసి ఎంతసేపు ఎదురుచూసినా విసుక్కోకూడనిది లోకంలో అదొక్కటేనట.

ఏప్రిల్లో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అద్దాల నంబరు మారిందేమో అనుకుని వెళ్ళింది. ఆ డాక్టరు రెండు గంటలు పరీక్షలు చేసి, "నీటికాసులమ్మా," అన్నాడు. "చూపు చుట్టూరా మూసుకుంటూ వస్తోంది. ఇప్పటికే గొట్టంలోంచి చూసినట్టు చూస్తున్నారు, మీకు తెలీడం లేదు. దసరా దాకా దూరపువి కనిపిస్తాయి. ఆ తరవాత నేను మాటివ్వలేను."

హైమవతి ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చింది. టీవీ కోసం కాదు, పేపరు కోసం కాదు. ట్రంక్ కాల్ని ఒక్కసారి ఆకాశంలో చూడాలి. తన చేత్తో వదిలి, తన కళ్ళతో చూడాలి. ఆ కోరిక అంత గట్టిదని ఆమెకు ఆ ఆటోలోనే తెలిసింది.

దానికి రాళ్ళమెట్టను మించిన చోటు లేదు. మెట్ట పడమటి వైపు అరవై అడుగుల వాలు, కింద పొలాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వచ్చి ఆ వాలును కొట్టి నిట్టనిలువునా పైకి లేస్తుంది. గ్లైడరును ఆ లేచే గాలిలో పెడితే గాలి ఉన్నంతసేపూ దిగమన్నా దిగదు. కాబట్టి జూన్ రావాలి. జూన్ వచ్చేలోపు భద్రతా సంఘం వచ్చింది.

మొదటి తీర్మానం బాగానే ఉంది. గ్లైడరు ఎగరేసేవాళ్ళ దృష్టి గ్లైడరు మీదే ఉంటుంది కాబట్టి, చుట్టుపక్కల గమనించడానికి పక్కన ఒక పరిశీలకుడు ఉండాలి. సరే అన్నారు అందరూ. రెండో మీటింగులో కోదండపాణిగారికి అనుమానం వచ్చింది. చుట్టుపక్కల గమనించే పరిశీలకుణ్ణి ఎవరు గమనిస్తారు? కాబట్టి అతనికో పరిశీలకుడు. మళ్ళీ అతనికి? ఆ లెక్కన తేలిందేమిటంటే, ఒక్క గ్లైడరు ఎగరాలంటే ఇరవై ఇద్దరు వరసగా నిలబడి ఒకరి వీపు ఒకరు చూసుకోవాలి. మే నెలంతా అలాగే నిలబడ్డారు. చివరివాణ్ణి గమనించడానికి ఎవరూ లేకపోవడంతో ఏ ఒక్క ఫ్లైటుకూ అనుమతి ఇవ్వలేదు.

"సూరమ్మను నిలబెట్టండి," అంది హైమవతి.

"ఆమె బాధిత పక్షం," అన్నాడు లక్ష్మీపతి. "పక్షపాతం వస్తుంది."

జూన్‌లో గాలి మొదలైంది. అదే వారం లక్ష్మీపతి పట్నంలోని ఒక పెద్ద విమానాల క్లబ్బు నుంచి రూల్సు పుస్తకం తెప్పించి, ఒక్క అక్షరం మార్చకుండా, ఒక్క పేజీ చదవకుండా, సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదింపజేశాడు. నూట పన్నెండు రూల్సు. ఆ క్లబ్బువాళ్ళవి పెట్రోలు ఇంజన్లతో రొద చేస్తూ తిరిగే విమానాలు. మనవి గ్లైడర్లు. గాలి తప్ప వాటికి వేరే ఆధారం లేదు. ఈ తేడా ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు అప్పటికే చప్పట్లు కొట్టేశారు.

ఆ తరవాతి ఆదివారం హైమవతి ట్రంక్ కాల్ని పట్టుకుని మెట్ట మీద అనుమతుల టేబులు ముందు నిలబడింది. లక్ష్మీపతి ఫారం నింపుతూ ఏడో ప్రశ్న దగ్గర ఆగాడు.

"దిగే ముందు ఇంజను ఆపుతారా?"

"ఇంజను లేదండి."

"లేదు అన్న గడి లేదమ్మా. అవును, కాదు, రెండే ఉన్నాయి."

"అయితే అవును అని పెట్టండి."

"లేని ఇంజన్ని ఆపానని ధ్రువీకరిస్తే తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. సభ్యత్వం రద్దు."

"పోనీ, కాదని పెట్టండి."

"ఇంజను ఆపకుండా దిగుతారా!" అని లక్ష్మీపతి గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "జనం మీదికి?"

విషయం భద్రతా సంఘానికి వెళ్ళింది. మూడు వారాలు చర్చించి వాళ్ళొక దారి చూపించారు. సభ్యురాలు తన గ్లైడరుకు ఒక ఇంజను అమర్చుకుని, దాన్ని ఎప్పుడూ నడపకుండా, దిగే ముందు ఆపవలెను. హైమవతి తల పట్టుకుంది. అయినా జూన్ అయిపోయింది, జూలై నడుస్తోంది, దసరా ఎక్కడో లేదు. పాత టేపు రికార్డరు ఒకటి విప్పి అందులోని చిన్న మోటారు తీసి, ట్రంక్ కాల్ ముక్కు మీద జిగురుతో అంటించింది. అందమైన ముక్కు మీద పులిపిరికాయలా ఉంది. కన్నీళ్ళొచ్చాయి. తుడుచుకుని తీసుకెళ్ళింది.

లక్ష్మీపతి మోటారును నాలుగు వైపుల నుంచీ చూశాడు, సంతృప్తిగా తలాడించాడు, ఏడో ప్రశ్నకు టిక్కు పెట్టాడు. ఎగరేసేది ఏ రకం అన్న ఎనిమిదో ప్రశ్న చదివాడు. చదివి కళ్ళజోడు తీశాడు.

"అమ్మా, ఇంజను ఉన్నదాన్ని గ్లైడరు అనరు కదా. మనది గ్లైడర్ల క్లబ్బు. ఇంజను ఉన్న వాటికి మైదానంలో ప్రవేశం లేదు."

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. మోటారు అక్కడే పీకి టేబులు మీద పెట్టి తిన్నగా కోదండపాణిగారి దగ్గరికి నడిచింది. ఆయన షామియానా కింద కూర్చుని, వడగళ్ళ వాన పడినప్పుడు సభ్యులు ఏ వరసలో పరిగెత్తాలో బొమ్మ గీస్తున్నారు.

"ప్రెసిడెంటుగారూ, ఒక్క మాట. నాకు నీటికాసులు. డాక్టరు దసరా దాకానే చూపు అన్నాడు. ఒక్క ఫ్లైటు, ఒకే ఒక్కటి. మీ రూల్సన్నీ తల మీద పెట్టుకుంటాను. దాన్ని ఒక్కసారి చూసుకోనివ్వండి."

కోదండపాణిగారి పెన్సిలు ఆగింది. తరవాత గొంతు తగ్గించి, "ముప్ఫై ఒకటో రూలు ప్రకారం, దృష్టి లోపం ఉన్న సభ్యులు రేడియో ముట్టుకోరాదు," అన్నారు. "కాబట్టి మీరు ఈ సంగతి నాకు చెప్పలేదు. నేను వినలేదు. నేను చెయ్యగలిగింది అంతే హైమవతిగారూ."

"వినలేదా?"

"వినలేదు," అని ఆయన బొమ్మ వైపు తలదించుకున్నారు. "మిల్లులో నేను ఒకడికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మినహాయింపు ఇచ్చాను. వాడి చెయ్యి పోయింది. ఆ తరవాత ఎవరికీ ఇవ్వలేదు."

ఆమె ట్రంక్ కాల్ని తీసుకుని ఇంటికొచ్చేసింది. ఆయన మీద కోపం ఉంచుకుందామని ఎంత ప్రయత్నించినా ఆ చెయ్యి అడ్డొచ్చేది.

ఆగస్టులో భద్రత ఇంకా పైకి వెళ్ళింది. ప్రమాదాలన్నిటికీ మూలం గాలేనని సంఘం కనిపెట్టింది. అందువల్ల, స్తంభానికి కట్టిన రిబ్బను బొత్తిగా కదలనప్పుడు మాత్రమే గ్లైడర్లు ఎగరేయవచ్చునని ఇందుమూలంగా తెలియజేయడమైనది. గాలి లేనప్పుడు గ్లైడరు ఎగరదు కదా అని ఎవరో నసిగారు. దానికీ ఏర్పాటు జరిగింది. ఒక చేత్తో రేడియో, ఒక చేత్తో గ్లైడరు తల మీదికెత్తి పట్టుకుని, సభ్యులు మైదానం చుట్టూ నడవాలి. దీనికి 'నడక ఫ్లైటు' అని పేరు. నమ్ముతారో లేదో, జనానికి నచ్చింది! ఇద్దరికి షుగరు తగ్గింది. ఒకాయనకు నడక ఫ్లైటులో మొదటి బహుమతిగా స్టీలు ఫ్లాస్కు వచ్చింది.

ఆ ఫ్లాస్కు ఆయనే మరుసటి వారం నడుస్తూ రాయి తగిలి బోర్లా పడ్డాడు. మోకాలు గీసుకుపోయింది. నడకలోని ప్రమాదం సంఘం దృష్టికి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు. ఇకనుంచీ సభ్యులు వరసగా కూర్చుని, గ్లైడరు ఒళ్ళో పెట్టుకుని, రేడియో మీటలు కదపాలి. ఒళ్ళో ఉన్న గ్లైడరు తోక అటూ ఇటూ ఊగుతుంది. ఫ్లైటు వ్యవధి ఇరవై నిమిషాలు. కుర్చీలోంచి లేచేముందు చెయ్యెత్తాలి.

ఇక జన్మలో కూర్చుని చేసే పని ముట్టుకోనన్న హైమవతి, ఏడో నంబరు కుర్చీలో ట్రంక్ కాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెక్కలు చెరో పక్కా ఇద్దరు సభ్యుల ముక్కులకు తగులుతున్నాయి. పడమటి నుంచి గాలి ఈలవేస్తూ వచ్చి ఆ రెక్కల్ని కొంచెం కొంచెం పైకి ఎత్తుతోంది. రెండు చేతులతో దాన్ని కిందికి అదిమి పట్టుకోవలసి వచ్చేది. ఆ అదమడం ఆమెకు చెప్పలేనంత బాధగా ఉండేది.

గేటు దగ్గర బోర్డు పెట్టారు. 'ప్రమాదరహిత దినాలు' అని ఉండి, పక్కన అంకె రోజురోజుకూ పెరిగేది. సెప్టెంబరు మూడో ఆదివారానికి అది వందకు చేరే ఏర్పాటు చేశారు, మోకాలు సంగతి లెక్కలో లేకుండా. భద్రతా దినోత్సవం పెట్టి, జిల్లా కేంద్రం నుంచి భద్రతా వారోత్సవాల ప్రత్యేక అధికారిణిని పిలిచారు. ఆవిడ కారు దిగి, శాలువా కప్పించుకుని, ఇరవై ఒక్క కుర్చీల్లో ఇరవై ఒక్కమంది గ్లైడర్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని మీటలు కదుపుతుంటే చూశారు.

"వీళ్ళేం చేస్తున్నారండీ?" అని మెల్లగా అడిగారు.

"ఎగరేస్తున్నారు మేడమ్," అన్నాడు లక్ష్మీపతి.

కోదండపాణిగారు మైకు అందుకున్నారు. "ఆకాశం ప్రమాదకరమైన ప్రదేశమని మన పూర్వులకు తెలుసు. అందుకే వాళ్ళు నేల మీద ఉన్నారు. ఈ వంద రోజుల్లో మన క్లబ్బులో ఒక్క గ్లైడరు కూడా నేలకు దిగలేదని మనవి చేసుకుంటున్నాను," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

హైమవతి చప్పట్లు కొట్టలేదు. ఆ పొద్దున ఆమె కుడివైపు ఉన్న కాఫీ గ్లాసు చూడకుండా తోసేసింది. డాక్టరు చెప్పిన గొట్టం ఇంకా సన్నబడింది. పడమటి అంచున పచ్చగడ్డి అంతా ఒకే వైపు వాలి ఊగుతోంది. అంత గాలి ఈ ఏడు మళ్ళీ రాదు. వస్తే వస్తుంది, తనకు మాత్రం రాదు.

ఆమె చెయ్యెత్తింది. లేచింది. ట్రంక్ కాల్నీ రేడియోనూ తీసుకుని తిన్నగా అంచు దాకా నడిచింది. బాత్రూముకు వెళుతోందనుకున్నారు కాబట్టి ఎవరూ ఆపలేదు. అంచున నిలబడి, కుడిచేత్తో గ్లైడరును భుజం మీదికెత్తి, గాలికి ఎదురుగా, బలమంతా పెట్టి విసిరింది.

ట్రంక్ కాల్ ఒక్క క్షణం కిందికి జారింది. ఆమె గుండె కూడా జారింది. అంతలో లేచే గాలి రెక్కల కింద దూరి, ఎవరో చంకలో చేతులు పెట్టి ఎత్తినట్టు దాన్ని పైకి తీసుకుపోయింది. శబ్దం లేదు. ఎండ రెక్కల కాగితంలోంచి తేటగా దిగి, లోపలి చెక్క ముక్కలన్నీ కనిపించాయి. ఆమె కోసిన ప్రతి ముక్కా కనిపించింది. "అమ్మా!" అంది పైకే.

వెనక గగ్గోలు మొదలైంది. "దింపండి! వెంటనే దింపమనండి!" అని అరిచారు కోదండపాణిగారు.

లక్ష్మీపతి నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోయాడు. చేతిలో పుస్తకం తెరిచాడు. "చెప్పడానికి వీల్లేదు సార్. అరవై నాలుగో రూలు. ఫ్లైటులో ఉన్న సభ్యులతో ఎవరూ మాట్లాడరాదు. ఏకాగ్రత చెడుతుంది."

"మరి ఆమె తనంతట తాను దింపకూడదూ?"

"కూడదు సార్. అరవై ఐదు. దిగడానికి సంఘం రాతపూర్వక అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా దిగడం ఎగరడం కంటే పెద్ద నేరం."

ఇది హైమవతి చెవిన పడింది. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మూడు నెలలు తనను నేలకు కట్టేసిన పుస్తకం ఇప్పుడు దిగవద్దంటోంది. "పర్వాలేదు, నిదానంగా కానివ్వండి!" అని కేకేసింది. ఆమె మాట్లాడకూడదన్న రూలు లేదు.

అక్కడే గడ్డిలో అత్యవసర సమావేశం జరిగింది. కోరం కోసం తలలు లెక్కపెడితే ఎప్పుడూ నాలుగు తక్కువ వస్తున్నాయి, ఎందుకంటే సభ్యులు ఒక్కొక్కరే జారుకుని అంచు దగ్గరికి చేరి పైకి చూస్తున్నారు. ఫ్లాస్కు గెలిచినాయన నోరు వెళ్ళబెట్టాడు. ప్రత్యేక అధికారిణి శాలువా నడుముకు బిగించి, "అబ్బ, ఎంత బాగుందండీ!" అని చిన్నపిల్లలా గంతేశారు. సూరమ్మ గేదెను వదిలేసి వచ్చి, "ఇన్నాళ్ళూ దీన్నా ఒళ్ళో అదిమిపెట్టుకున్నారు?" అని అందరినీ పేరుపేరునా అడిగింది. నలభై నిమిషాలు గడిచాయి. ట్రంక్ కాల్ మెట్ట వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది.

అనుమతి పత్రం సిద్ధమయ్యేసరికి సూర్యుడు పడమటికి దిగాడు. హైమవతి గ్లైడరును ఒక మలుపు తిప్పింది. అది సూర్యుడి ముందునుంచి దాటింది. అంతే, మాయమైంది. ఆమె తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆకాశం ఉంది, అందులో ఏమీ లేదు. గొట్టంలోంచి ఎంత వెతికినా లేదు.

"కనిపించడం లేదు," అంది. "నాకు కనిపించడం లేదు!"

ఎవరూ నోరెత్తలేదు. అరవై నాలుగో రూలు అందరూ ఇప్పుడే విని ఉన్నారు. లక్ష్మీపతి అనుమతి పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రమాదాలు జరగకుండా చూసిన కోదండపాణిగారు ఆమె వెనక నిలబడి ఉన్నారు. ఆయనకు గ్లైడరు స్పష్టంగా కనిపిస్తోంది. అది మెల్లగా ముక్కు దించుకుని పొలాల వైపు పోతోంది.

"కుడికి," అన్నారాయన.

"సార్! రూలు..." అన్నాడు లక్ష్మీపతి.

"నోర్ముయ్యవయ్యా!" అని, ఆయన ఆమె భుజం పక్కకు వచ్చి నిలబడ్డారు. "కుడికి తిప్పమ్మా. ఇంకొంచెం. ఆఁ, అంతే. ముక్కు ఎత్తు. ఎత్తు తల్లీ. ఇప్పుడు తిన్నగా మన వైపే వస్తోంది. భయంలేదు, నేను చూస్తున్నాను."

"ఎంత ఎత్తులో ఉందండీ?"

"కొబ్బరిచెట్టంత. చక్కగా ఉంది. తెల్లగా... చాలా బాగుంది హైమవతిగారూ. కొంచెం ఎడమకి. ఇక వదిలెయ్, దానంతట అదే దిగుతోంది."

గడ్డి గరగరలాడిన చప్పుడు ఆమెకు వినిపించింది. ఎక్కడా ఏదీ విరిగిన చప్పుడు రాలేదు. ఆమె రేడియో ఆయన చేతిలో పెట్టి, ఉన్నచోటే గడ్డిలో కూలబడి ఏడ్చింది. కోదండపాణిగారు కూడా కళ్ళజోడు తుడుచుకున్నారు. ఎండ అని చెప్పారు.

లక్ష్మీపతి మాత్రం డ్యూటీలోనే ఉన్నాడు. జరిగినదాన్ని ఎక్కడో ఒకచోట రాయాలి. క్లబ్బులో ఫ్లైట్ల రిజిస్టరు లేదు, అవసరం రాలేదు కనుక. ఉన్నది ప్రమాదాల రిజిస్టరు ఒక్కటే. దాన్ని తెచ్చి ఆమె పక్కనే గడ్డిలో చతికిలబడి, తేదీ వేసి, వ్యవధి యాభై రెండు నిమిషాలని రాశాడు. గాయపడినవారు: లేరు. నష్టం: లేదు. తరవాత గడి దగ్గర కలం ఆగింది.

"ప్రమాదానికి కారణం ఏమని రాయమంటారమ్మా?"

హైమవతి కొంగుతో మొహం తుడుచుకుంది.

"గాలి బాగుందని రాయండి."

లక్ష్మీపతి ప్రెసిడెంటు వైపు చూశాడు. ఆయన తలూపారు. అలాగే రాశాడు.